కోరుట్ల బ్రాంచి తదితరులు

రేపు పొద్దున పది గంటల నుంచి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లోని సినిమా సీడీలు రిలే నిరాహార దీక్షకు కూర్చుంటాయని గిరిజా వీడియో వరల్డ్ చైర్మన్ కరుణాకర్ రావు జగిత్యాలలో విలేకరుల సమావేశం పెట్టి ప్రకటించారు. సమావేశానికి వచ్చిన విలేకరి ఒక్కడే. పేరు లక్ష్మీరాజం. 'జనదుందుభి' దినపత్రికకు ఆ మూడు ఊళ్లలోనూ అతనే విలేకరి. అయినా కరుణాకర్ రావు గారు ఆ ఒక్కణ్ణే చూస్తూ "పాత్రికేయ మిత్రులారా" అని మొదలుపెట్టడం ఆయన పెద్ద మనసును తెలియజేస్తుంది.

అది రెండువేల పదకొండో సంవత్సరం. తెలంగాణ కోసం ఎవరి పని వాళ్లు రోడ్డు మీదికి వచ్చి చేసి చూపిస్తున్న కాలం. క్షురకులు చౌరస్తాలో గడ్డాలు గీశారు. టీచర్లు రోడ్డు మీద పాఠాలు చెప్పారు. ఆడవాళ్లు తారు రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటలు వండారు. ఇన్ని రంగాలు కదిలాక వీడియో రంగం ఒక్కటే షట్టరు వెనక కూర్చోవడం కరుణాకర్ రావు గారికి సిగ్గుగా తోచింది. వారి తాతల కాలంలో వారిది దొరల గడి. తండ్రి కాలంలో రైసు మిల్లు. వారి కాలానికి అది భార్య గిరిజ పేరు మీద మూడు ఊళ్లలో సీడీలు కిరాయికిచ్చే దుకాణాలుగా మారింది. ఉద్యమంలోకి వచ్చాక ఆయన్ను ఎవరైనా 'దొరా' అంటే ఊరుకోవడం లేదు. 'అన్నా' అనాలి. అననివాణ్ణి ఇంటికి పిలిపించి మరీ అనిపించేవారు.

దీక్ష పద్ధతి ఆయనే వివరించారు. ఒక్కో బ్రాంచి నుంచి రోజుకు పది సీడీలు జేఏసీ శిబిరంలో జంపఖానా మీద వరసగా కూర్చుంటాయి. పది నుంచి ఐదు దాకా వాటిని ఎవరికీ కిరాయికివ్వరు. ఏ ప్లేయరులోనూ తిప్పరు. సాయంత్రం ఒక పెద్దమనిషి వచ్చి నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేస్తారు. మర్నాడు ఇంకో పది. లక్ష్మీరాజానికి ఒకే ఒక సందేహం వచ్చింది, నిమ్మరసం ఎవరు తాగుతారని. కరుణాకర్ రావు గారు ఆలోచించకుండా జవాబు చెప్పే మనిషి కాదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, సీడీల తరఫున బ్రాంచి మేనేజర్లు తాగుతారని సెలవిచ్చారు.

కోరుట్ల బ్రాంచి మేనేజర్ హుస్సేన్ ఉద్యమంలోకి వచ్చింది ఈ విధంగానే. మేనేజర్ అంటే షట్టరు ఎత్తేది, ఊడ్చేది, సీడీలు ఇచ్చేది, తీసుకునేది కూడా అతనే. నలభై ఐదేళ్లుంటాయి. గీతలు పడ్డ సీడీని టూత్‌పేస్టుతో రుద్ది, మెత్తని గుడ్డతో తుడిచి మళ్లీ ఆడేలా చెయ్యడంలో అతన్ని మించినవాడు మెట్‌పల్లి దాకా లేడు. ఆ రోజు ఫోనులో చైర్మన్ గారు రేపటి నుంచి శిబిరంలో కూర్చోమన్నప్పుడు హుస్సేన్‌కు మొదట గుర్తొచ్చింది దుకాణమే.

"మరి షాపు ఎట్ల దొరా?"

"అన్నా అను. షాపుకు ఎవరొస్తున్నరురా ఇప్పుడు? అందరు సెల్లులల్ల సినిమాలు ఎక్కిచ్చుకోవట్టిరి. గీడ కూసునేది గాడ కూసో."

మాట నిజమే. మొబైల్ దుకాణాలు మెమరీ కార్డుల్లో సినిమాలు ఎక్కించి ఇవ్వడం మొదలుపెట్టినప్పటి నుంచి హుస్సేన్ రోజుకు ముగ్గురు మెంబర్లను చూస్తే గొప్ప. అందులో ఒకరు వాన పడుతుందని లోపలికి వచ్చినవారు. కాబట్టి త్యాగానికి ఎటువంటి ఆటంకమూ లేదు. కొత్త సినిమాలను మాత్రం దీక్షకు పంపొద్దని, ఎవరూ అడగనివే పంపమని చైర్మన్ గారు మరీ మరీ చెప్పారు. ఉద్యమానికి క్రమశిక్షణ ముఖ్యమన్నారు.

మర్నాడు కోరుట్ల బస్టాండు దగ్గరి శిబిరంలో మూలకు ఇంత చోటు ఇచ్చారు. హుస్సేన్ పది సీడీలు పరిచి, ఒక్కో సీడీ మధ్య రంధ్రంలోంచి దారం తీసి ఒక్కో బంతిపువ్వు కట్టాడు. అందులో దయ్యాల సినిమాలు మూడు, పౌరాణికాలు నాలుగు, ఎవరో ఇచ్చి మరిచిపోయిన పెళ్లి సీడీ ఒకటి, సగం తర్వాత ఆగిపోయేవి రెండు ఉన్నాయి. ఐదు గంటలకు ఒక మాజీ కౌన్సిలర్ నిమ్మరసంతో వచ్చారు. సీడీకొక గ్లాసు చొప్పున పది గ్లాసులు తెచ్చారు. ఆయన పది సీడీలకూ వంగి దండం పెట్టి, పది గ్లాసులూ హుస్సేన్‌కు అందించారు. ప్రజల చేతి నిమ్మరసం కాదంటే ఉద్యమాన్ని అవమానించినట్టని హుస్సేన్ పదీ తాగాడు.

ఇంటికి వెళ్లి అన్నం వద్దన్నాడు. అక్కడే గొడవ మొదలైంది.

హుస్సేన్ భార్య రషీదాబీ. వాళ్లు మామూలుగా ఉర్దూలో మాట్లాడుకుంటారు. పోట్లాడుకునేటప్పుడు మాత్రం తెలుగు వాడతారు. గోడకు అవతల బీడీలు చుట్టే శంకరవ్వకు న్యాయం ఎవరి వైపు ఉందో తెలియాలి గదా. పొద్దంతా దీక్ష చేసిన మనిషికి ఆకలి లేకపోవడం రషీదాబీకి నచ్చలేదు. హుస్సేన్‌కు ఒకప్పుడు దుకాణం మూసి మెట్‌పల్లికి పోయి పేకాడే అలవాటు ఉండేది. మానేసి ఆరేళ్లయింది. అయినా ఆ ఆరేళ్లలో ఒక్కరోజు కూడా ఆమె పూర్తిగా నమ్మలేదు.

"దీక్షలున్నోడు ఆకలితోని ఇంటికొస్తడు. నువ్వేమో కడుపు నిండిందంటున్నవ్. మెట్‌పల్లిల మంచిగనే వెట్టినట్టున్నరు" అన్నది.

వచ్చి చూసుకోమని హుస్సేన్ బతిమాలాడు. ఆమె రానంది. తనకు చూపించి, తను ఇల్లు చేరేలోపు అతను మెట్‌పల్లి బస్సు ఎక్కుతాడని ఆమెకు తెలుసు. శిబిరంలో ఎవరినైనా అడుగుదామంటే అది రిలే దీక్ష. ఇవాళ టీచర్లు కూర్చుంటే రేపు కరెంటు వాళ్లు, ఎల్లుండి ఆర్‌ఎంపీ డాక్టర్లు. హుస్సేన్‌ను రెండుసార్లు చూసినవాళ్లు ఎవరూ లేరు. చివరికి రషీదాబీయే ఒక మార్గం చెప్పింది. పేపర్లో పేరు రావాలి. వస్తే నమ్ముతుంది. ఆమె చదివింది ఉర్దూ మీడియం. తెలుగులో బస్సుల మీది ఊళ్ల పేర్లూ, మొగుడి పేరూ కూడబలుక్కుని చదువుతుంది. ఇంకేమీ చదవలేదు. ఆమెకు అవసరమైంది అంతే.

మర్నాడు 'జనదుందుభి' కోరుట్ల పేజీలో వార్త వచ్చింది. రషీదాబీ వేలు పెట్టి ఒక్కో పేరు దాటుకుంటూ పోయింది. 'ఈ దీక్షలో చైర్మన్ కరుణాకర్ రావు, మేనేజింగ్ డైరెక్టర్ రాకేశ్, గౌరవాధ్యక్షురాలు గిరిజ, యువజన నాయకురాలు ప్రియదర్శిని తదితరులు పాల్గొన్నారు' అని ఉంది. రాకేశ్ అంటే చైర్మన్ గారి కొడుకు, జగిత్యాల బ్రాంచి చూసుకుంటాడు. ప్రియదర్శిని కూతురు, హైదరాబాదులో చదువుతోంది. వీళ్లెవరూ ఆ రోజు కోరుట్ల పొలిమేర తొక్కలేదు. కాని ఉద్యమంలో మనసు పాల్గొనడం ముఖ్యం.

"గీ చివర ఉన్నదేంది?" అని అడిగింది రషీదాబీ.

"తదితరులు. అంటే నేనే."

"నీ పేరు హుస్సేన్ గద. అది ఎప్పుడు మార్చుకున్నవ్?"

హుస్సేన్‌కు నిజంగానే బాధేసింది. పది గ్లాసుల నిమ్మరసం ఇంకా కడుపులో కదులుతుండగానే లక్ష్మీరాజం దగ్గరికి పోయాడు. లక్ష్మీరాజం మంచివాడు. కూర్చోబెట్టి, చాయ్ చెప్పి, పత్రికల ధర్మం వివరించాడు. ఒక వార్తకు నాలుగు పేర్లు పడతాయి. చైర్మన్ గారి ఇంట్లో ఉన్నది సరిగ్గా నలుగురు. ఐదో పేరు రాసినా కరీంనగర్‌లో డెస్కు వాళ్లు చివరి నుంచి కోసుకుంటూ వస్తారు. 'తదితరులు' అనేది మాత్రం ఎవరూ కొయ్యరు. నీ చోటే అందరికన్నా భద్రంగా ఉంది అన్నాడు. అయినా స్నేహం కొద్దీ ఫోటోలో వచ్చేలా చూస్తానని మాట ఇచ్చి, నిలబెట్టుకున్నాడు కూడా. మూడో రోజు ఫోటో పడింది. పది సీడీలూ స్పష్టంగా వచ్చాయి. పక్కన హుస్సేన్ మోచెయ్యి వచ్చింది.

"మోచెయ్యి జూసి మొగన్ని గుర్తువట్టాల్నా?" అన్నది రషీదాబీ. అది న్యాయమైన ప్రశ్నే అని హుస్సేన్‌కు కూడా అనిపించింది.

ఇక్కడ ఇలా ఉండగా సిరిసిల్ల బ్రాంచి మేనేజర్ భూమయ్య ఒక మంగళవారం కొండగట్టుకు దర్శనానికి పోయి, మల్యాల దగ్గర మిర్చి బజ్జీలు కొన్నాడు. కట్టిచ్చిన కాగితం 'జనదుందుభి' జగిత్యాల పేజీ. నూనె మరకల మధ్య జగిత్యాల బ్రాంచి దీక్ష ఫోటో రెండు కాలమ్‌ల వెడల్పున మెరుస్తోంది. వార్త చివర 'కోరుట్ల తదితర పట్టణాల్లోనూ' అని ఉంది. తన ఊరికి ఊరే తదితరంలో కలిసిపోవడం చూసి భూమయ్య బజ్జీలు సగంలో వదిలేశాడు. ఆయన మర మగ్గాల ఇంట్లో పుట్టినవాడు, కొలవనిదే మాట్లాడడు. ఇంటికి వచ్చి బట్ట కొలిచే టేపు తీసి కొలిస్తే జగిత్యాల వార్త ఇరవై రెండు సెంటీమీటర్లు తేలింది. సిరిసిల్ల ఆ కాగితంలో ఎక్కడా లేదు.

వారం తిరగకుండా సిరిసిల్లలో ఇంకో టెంటు లేచింది. కొత్త సినిమాల పోస్టర్లు ముందు జగిత్యాలకు పోతున్నాయని, సీడీలు జగిత్యాలలో, కోరుట్లలో గీతలు పడ్డాకే సిరిసిల్లకు వస్తున్నాయని, ఇప్పుడు కవరేజీలోనూ దోపిడీ జరుగుతోందని భూమయ్య వినతిపత్రం రాశాడు. పోస్టర్లు, సీడీలు, కవరేజీ అనే మూడు మాటలూ గోడల మీద ఎర్ర రంగుతో రాయించాడు. సిరిసిల్ల బ్రాంచిని విడదీసి ప్రత్యేక కంపెనీ చెయ్యాలన్నాడు.

కరుణాకర్ రావు గారు అప్పుడే తెలంగాణ కోసం ధర్నా చేసి, మెడలో కండువా తియ్యకుండానే విలేకరుల సమావేశం పెట్టారు. ఒకే సీడీలు చూసే వాళ్లం మనమంతా అన్నదమ్ములమని, విడిపోతే రెండు వైపులా నష్టమని, వెనకబడిన బ్రాంచికి ప్రత్యేక ప్యాకేజీ ఇస్తామని, కొందరు నిరుద్యోగ మేనేజర్లు పదవుల కోసం విభజన రగిలిస్తున్నారని చెప్పారు. ఈ మాటలు ఎక్కడో విన్నట్టుందని లక్ష్మీరాజం అనుమానించాడు గాని, ఎక్కడో గుర్తు రాక అలాగే రాసుకున్నాడు.

పరిస్థితి చేయి దాటకుండా వేములవాడలో ఒక లాడ్జిలో గది తీసుకుని పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. కవరేజీ మూడు బ్రాంచీలకూ సమానంగా పంచాలి, తేడా వస్తే టేపు పెట్టి కొలవాలి. కోరుట్ల ప్రతినిధిగా హుస్సేన్‌ను కూడా పిలిచారు. మీకేమన్నా డిమాండ్లు ఉన్నాయా అని అడిగితే అతను లేచి నిలబడి చెప్పాడు.

"నాకు సెంటీమీటర్లు వద్దన్నా. ఒక్కసారి నా పేరు పడితె సాలు. ఇంట్ల నమ్ముత లేరు."

అందరూ మెచ్చుకున్నారు. ఇంత చిన్న కోరిక కోరడం హుస్సేన్ సంస్కారమని రాకేశ్ అన్నాడు. దాన్ని ఒప్పందంలో 'ఇతర అంశాలు' కింద చేర్చి, ఇతర అంశాలను తర్వాత సమావేశానికి వాయిదా వేశారు. మర్నాడు పేపర్లో 'ఒప్పందంపై కరుణాకర్ రావు, రాకేశ్, భూమయ్య తదితరులు సంతకాలు చేశారు' అని వచ్చింది. సంతకం పెట్టిన నాలుగో మనిషి హుస్సేనే.

ఒప్పందం రెండు రోజులు నిలిచింది. మూడో రోజు సిరిసిల్లకు అర సెంటీమీటరు తగ్గిందని భూమయ్య లక్ష్మీరాజం దిష్టిబొమ్మను దహనం చేయించాడు. అన్యాయం చేసినందుకు కాదు, జరిగిన అన్యాయాన్ని బయటపెట్టనందుకు. ఆ దహనాన్ని కవర్ చెయ్యడానికి పిలిచింది లక్ష్మీరాజాన్నే. ఇంకెవరున్నారు? అతను బండి మీద సిరిసిల్ల పోయి, మంట సరిగ్గా రావడానికి బొమ్మను కొంచెం ఎడమకు జరిపించి ఫోటో తీసుకున్నాడు. ఊరుకుంటే పక్షపాతం అంటారని జగిత్యాలలో రాకేశ్ కూడా ఒక బొమ్మ తగలబెట్టించాడు. జగిత్యాల బొమ్మకు చొక్కా వేశారని, సిరిసిల్ల బొమ్మకు వెయ్యలేదని, బట్ట నేసే ఊరికి ఇంతకంటే అవమానం లేదని భూమయ్య మళ్లీ వినతిపత్రం ఇచ్చాడు. కోరుట్లలో మాత్రం దహనం జరగలేదు. దహనానికి జనం కావాలి. హుస్సేన్ వెనక పది సీడీలు తప్ప ఎవరూ లేరు.

చివరికి లక్ష్మీరాజాన్నే ఏకసభ్య కమిటీగా వేశారు. అతను మూడు ఊళ్లూ తిరిగి, అందరి దగ్గరా చాయ్ తాగి, ఆరు మార్గాలతో నివేదిక ఇచ్చాడు. మొదటిది ఉన్నది ఉన్నట్టు ఉంచడం. ఆఖరిది అసలు వార్తలే రాయకపోవడం, ఇది అన్నిటికంటే న్యాయమైనదే గాని ఎవరూ ఒప్పుకోరని కమిటీ బాధపడింది. మధ్యలో నాలుగు ఉన్నాయి, వాటిని ఎవరూ చదవలేదు. నివేదిక చివర ఒక నిజం కూడా ఉంది. జగిత్యాల పేజీ జగిత్యాలకే పోతుంది. సిరిసిల్ల పేజీ సిరిసిల్లకు పోతుంది. సిరిసిల్ల ఫోటో మొదటి రోజు నుంచీ సిరిసిల్ల పేజీలో వస్తూనే ఉంది. భూమయ్య బజ్జీల కాగితం చూశాడు గాని సొంత ఊరి పేపరు కొనలేదు. ఈ విషయం తెలిశాక భూమయ్య కాసేపు తల గోక్కున్నాడు.

"టెంటు వేసినంక నిజం తెలిస్తె ఏం జేస్తం?" అన్నాడు.

టెంటు వేసినందుకైనా భూమయ్య గెలిచాడు. సిరిసిల్ల పేజీలో ఇకమీదట 'తదితరులు' అనే మాట వాడరాదని, పాల్గొన్న ప్రతి మనిషి పేరూ ఇంటిపేరుతో సహా ముద్రించాలని తీర్మానం అయింది. అది మొదలు సిరిసిల్ల వార్తలు ఓటర్ల జాబితాలాగా వచ్చేవి. కోరుట్ల వార్త మాత్రం పాత పద్ధతిలోనే చైర్మన్ గారి ఇంటి నలుగురితో, తదితరులతో సాగింది. ఆ ఏడాది సకల జనుల సమ్మె నలభై రెండు రోజులు నడిస్తే, ఆ నలభై రెండు రోజులూ హుస్సేన్ శిబిరంలోనే ఉన్నాడు. బస్సులు లేవు కాబట్టి మెట్‌పల్లికి పోవడానికి వీలే లేదు. ఇది రషీదాబీకి కూడా తెలుసు. అయినా పేకాడేవాడు నడిచైనా పోతాడని ఆమె అన్నది.

రెండేళ్లు గడిచాయి. రాష్ట్రం ఖాయమైంది. పటాకులు కాలాయి. ఆ వెంటనే మున్సిపల్ ఎన్నికలు వచ్చాయి. కరుణాకర్ రావు గారు ఈలోగా గెలిచే పార్టీలో చేరి, టికెట్లకు మనుషులను ఎంపిక చేసే కమిటీకి కన్వీనర్ అయ్యారు. ఉద్యమంలో పాల్గొన్నవాళ్లకే టికెట్ అని పార్టీ గట్టిగా చెప్పింది. పాల్గొన్నట్టు పేపర్ కటింగ్ జత చెయ్యాలి. కటింగ్ చూపిస్తే ముందు ఉద్యమకారుడని కార్డు ఇస్తారు, కార్డు చూపిస్తే టికెట్ సంగతి ఆలోచిస్తారు.

ఆ వారంలోనే కోరుట్ల బ్రాంచికి ఒక కాంట్రాక్టర్ వచ్చాడు. ఉద్యమం జరిగినన్నాళ్లూ ఆయన అవతలి పక్షం మంత్రుల వెంట తిరిగాడు. సీడీలన్నీ చూస్తున్నట్టు చూసి, మీ దగ్గర దీక్షల కటింగులు ఉన్నాయట గదా అన్నాడు. ఉన్నాయి. చైర్మన్ గారి ఆజ్ఞ ప్రకారం హుస్సేన్ అన్నీ భద్రంగా దాచాడు. కాంట్రాక్టర్ ఒక కటింగ్ తీసి, నాలుగు పేర్లూ దాటి చివరి మాట మీద వేలు పెట్టాడు.

"గీ తదితరులల్ల నేనున్న" అన్నాడు, ఎంతో శాంతంగా.

కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. ఈ సంగతి వినగానే కరుణాకర్ రావు గారి దూరదృష్టి మేల్కొన్నది. సాయంత్రానికల్లా ఉత్తరువులు వచ్చాయి. సీడీలన్నీ అట్టపెట్టెల్లో సర్దేసి, ఖాళీ అయిన సీడీ కవర్లలో కటింగులు పెట్టించారు. ఒక్కరోజుకు కిరాయికిస్తారు, జిరాక్స్ తీసుకుని తిరిగివ్వాలి. మూతపడబోయిన గిరిజా వీడియో వరల్డ్‌కు మళ్లీ జనం వచ్చారు. మాజీ సర్పంచులు, కాబోయే కౌన్సిలర్లు, ఇసుక ట్రాక్టర్ల యజమానులు వరసలో నిలబడ్డారు. పేర్లు తక్కువగా ఉండి తదితరులు విశాలంగా ఉన్న కటింగులకు గిరాకీ ఎక్కువ. కోరుట్లవి ఎప్పుడు చూసినా కిరాయికి పోయే ఉండేవి. సిరిసిల్ల బ్రాంచి మాత్రం నిలువునా మునిగింది. అక్కడి కటింగుల్లో అందరి పేర్లూ ఉన్నాయి, కొత్తవాడు దూరడానికి సందు లేదు. భూమయ్య హుస్సేన్‌కు ఫోన్ చేసి, మీ దగ్గర తదితరులు ఎక్కువగా ఉంటే నాలుగు సిరిసిల్లకు పంపమని బతిమాలాడు.

హుస్సేన్ అందరికీ కటింగులు ఇచ్చాడు, తీసుకున్నాడు, తుడిచి పెట్టాడు. కార్డులు వచ్చినవాళ్లు అవి మెడలో వేసుకుని దుకాణం ముందు నుంచే పోతున్నారు. అతనికి టికెట్ వద్దు. కౌన్సిలర్ కావాలని లేదు. కాని ఆ కార్డు మీద పేరు ఉంటుంది. రషీదాబీ చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఈ ఆలోచన వచ్చినప్పటి నుంచి అతనికి ఇంకోటి తోచలేదు. మొదటి రోజు కటింగ్ కిరాయికి పోయి ఉంటే, తిరిగొచ్చే దాకా ఆగి, దాన్ని జేబులో పెట్టుకుని జగిత్యాల బస్సెక్కాడు.

కమిటీ ఒక ఫంక్షన్ హాలులో కూర్చుంది. మధ్యలో కరుణాకర్ రావు గారు, పక్కన రాకేశ్, ఇంకోపక్క హైదరాబాదు నుంచి వచ్చిన పరిశీలకుడు. పరిశీలకుడు నిప్పులాంటి మనిషి, ఎవరికీ మొహమాటపడడు. కటింగ్ చూసి, తన రిజిస్టర్ తిప్పి చూసి, ఈ వార్తలోని తదితరులు పన్నెండు మంది ఇదివరకే కార్డులు తీసుకున్నారని, పదమూడో మనిషి రావడం అనుమానంగా ఉందని అన్నాడు. అన్యాయం జరగకూడదని ఆ పన్నెండు మందినీ పిలిపించాడు. హుస్సేన్‌ను చూపించి, ఈయన్ను ఆ రోజు శిబిరంలో ఎవరైనా చూశారా అని అడిగాడు.

చూడలేదని పన్నెండు మందీ చెప్పారు. వాళ్లలో ఒక్కరు కూడా అబద్ధం చెప్పలేదు.

హుస్సేన్ కరుణాకర్ రావు గారి వైపు తిరిగాడు. "దొరా, మీరే గద కూసోమన్నది. నలబై రెండు రోజులు కూసున్న. మీకెరికే గద."

"అన్నా అను" అన్నారు కరుణాకర్ రావు గారు. తర్వాత గొంతు సర్దుకుని, తాను చెప్పిన మాట వాస్తవమేనని, అయితే కోరుట్ల శిబిరానికి స్వయంగా ఏ ఒక్కరోజూ వెళ్లలేదు కాబట్టి కంటితో చూసిన సాక్ష్యం ఇవ్వలేనని, న్యాయం దగ్గర తన మనిషి, పరాయి మనిషి అనే తేడా ఉండదని చెప్పారు. ఆ నిజాయితీకి పరిశీలకుడు చలించిపోయి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆ రోజు ఎవరెవరు నీ పక్కన కూర్చున్నారని హుస్సేన్‌ను అడిగితే, అతను బాగా గుర్తు చేసుకుని, దయ్యాల సినిమాలు మూడు, పౌరాణికాలు నాలుగు, పెళ్లి సీడీ ఒకటి, సగం తర్వాత ఆగిపోయేవి రెండు అని చెప్పాడు. రాకేశ్ దాన్ని రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే లక్ష్మీరాజం ఫోన్ చేశాడు. గొంతులో కొంత ఇబ్బంది, కొంత సంతోషం ఉన్నాయి.

"అన్నా, ఇగ జూడు, ఈసారి నీ పేరు హెడ్డింగుల వెట్టిన. డెస్కోళ్లు కోసెటందుకు రాదు. నీ వివరణ సుత నాలుగు లైన్లు రాసిన గని, పట్టుకున్నోళ్ల పేర్లు ఎక్కువై జాగ సరిపోలే. మనసుల పెట్టుకోకు" అన్నాడు.

హుస్సేన్ ఫోన్ పెట్టేసేసరికి రషీదాబీ వాకిట్లో పేపరు పరుచుకుని కూర్చుని ఉంది. రెండు కాలమ్‌ల వార్త. నిలువెత్తు ఫోటో, రెండు మోచేతులూ ఉన్నాయి. పైన బొటనవేలంత అక్షరాల్లో 'నకిలీ ఉద్యమకారుడు హుస్సేన్ పట్టివేత' అని ఉంది. ఆమె వేలు మొదటి రెండు మాటలూ దాటి మూడో దాని మీద ఆగింది. హు, స్సే, న్ అని కూడబలికింది. మళ్లీ ఒకసారి చదివింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇన్నేండ్లు నిన్ను నమ్మకపోతి" అన్నది. అది పోట్లాట కాకపోయినా తెలుగులోనే అన్నది.

హుస్సేన్ గడప మీద కూర్చున్నాడు.

"నీ పేరు ముంగట గిదేం రాసిండ్రు?" అని అడిగింది.

"ఉద్యమకారుడు అని."

"మరి దాని ముంగట ఇంకోటున్నది?"

హుస్సేన్ ఆ మాట వైపు కాసేపు చూశాడు.

"అది బిరుదు" అన్నాడు.

రషీదాబీ లేచి, పేపరు మడత పడకుండా రెండు చేతులతో పట్టుకుని గోడ దగ్గరికి నడిచింది.

"శంకరవ్వా, జెర ఇటు రా. మా ఆయనకు బిరుదు సుత ఇచ్చిండ్రు."